ఎడ్మండు బర్కు: వాక్కు, వ్రాత

ఎడ్మండు బర్కు మహాశయుడు 1729వ సంవత్సరమున ఐర్లండులోని డబ్లిను నగరమున జన్మించి, 1765లో బ్రిటిషు కామన్సు సభకు ఎన్నుకొనబడెను. ఆయన విద్వత్తు అపారము. ఐనను దీర్ఘోపన్యాసములకు విసిగి సభ్యులు లేచిపోవుచుండుటచే, ఆయనకు భోజనపు గంట యను ఎగతాళి పేరు కలిగెను.

1775 మార్చి 22వ తేదీని అమెరికా వలసలతో సమాధానపడుడని ఆయన సభను వేడెను. అనుకూలురు 78 మంది, ప్రతికూలురు 270 మంది. నెల తిరుగకమునుపే యుద్ధము ప్రారంభమయ్యెను. 1797లో ఆయన గతించెను. సభ త్రోసివేసిన యా యుపన్యాసమే అచ్చుపడి, పిమ్మట అమెరికా పాఠశాలలలో పాఠ్యగ్రంథమయ్యెను.

వినువాడు చెవిదాటిన మాటను మరల పట్టజాలడు. చదువరి పుట వెనుకకు త్రిప్పి యోచింపగలడు. కావున వ్రాయునపుడు సమగ్రతను, పలుకునపుడు క్లుప్తతను మన విద్యార్థులు అలవరచుకొందురుగాక యని మేము కోరుచున్నాము.