దామెర్ల రామారావుగారు

నయాపూలు మీద నిలిచి వేసవి మూసీని చూచుచు, ఈ బండలలోను ఈ సన్నని పాయలోను చిత్రింపదగిన దేమున్నదని మా తరగతి బాలుడొకడు మమ్మడిగెను. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఒక నదిని నమ్ముకొని కుంచె పట్టిన దామెర్ల రామారావుగారి చరిత్ర మాకప్పుడు జ్ఞప్తికి వచ్చెను.

వారు 1897 సం. మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. అచ్చటి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డు కూల్డ్రే దొరగారు తామును చిత్రకారులే. వారీ బాలుని చేతిలోని శక్తిని కనిపెట్టి ప్రోత్సహించిరి. ఉపాధ్యాయులమైన మేమిచ్చట కొంత ఆగవలసియున్నది. నోటుపుస్తకముల అంచులలోని బొమ్మలను మేమెన్నిమార్లు తుడిపించితిమో!

రామారావుగారు 1916లో బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చేరి, 1920లో చదువు ముగించిరి. ఆ మహానగరమున నిలిచిపోక, స్వస్థలమునకు వచ్చి చిత్రకళాశాల నెలకొల్పిరి. సిద్ధార్థ రాగోదయము మొదలగు చిత్రములవలన వారికి గొప్ప పేరు కలిగినది. అయినను మాకు మిక్కిలి ప్రియమైనవి వారి గోదావరీ దృశ్యములు. తూర్పు కనుమలలోని గోదావరి లోయను చూపు చిత్రమును 1922లో వైస్రాయి రీడింగు ప్రభువు మెచ్చుకొనిరి.

నీటిరంగుల పని సులభమని పిల్లలు తలంతురు. అది పొరపాటు. తెల్లరంగు పూయుటకంటె తెల్లకాగితమును తాకక విడుచుటయే అందు మేలైన పద్ధతి. ఇసుకతిన్నెయు, నీటిమీది వెలుగును అట్లు కాగితమునుండియే పుట్టును. తడి ఆరకముందే రెండవ రంగు చేర్చినయెడల దూరపు కొండలు మంచులో నున్నట్లగును. ఆలస్యమైనచో అంచులు గట్టిపడును. ఒకే నదిని మరల మరల చూచినవానికే ఈ తొందరయు, ఈ ఓర్పును అలవడును.

వారి భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును చిత్రలేఖనము నేర్చిరి. ఆ కాలపు కుటుంబములలో ఇది చిన్న సంగతి కాదు.

1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచి వారిని బలిగొనెను. ఇరువదియెనిమిదేండ్లైన నిండలేదు. ఆ వ్యాధి లోకమున నిర్మూలమైనదని ప్రకటింపబడుటకు 1980వ సంవత్సరము రావలసివచ్చెను.

మిత్రులు వరద వెంకటరత్నముగారు పిదప ఆ కళాశాలను నడిపిరి. చిత్రములు రాజమహేంద్రవరమున వారి పేరిటి చిత్రశాలలో నున్నవి. ఆ దారిన రైలులో పోవు మన విద్యార్థులు ఒక పూట దిగి చూడవచ్చును.