ఐస్ పెట్టెలో గుండె, సుబ్బారావుగారి లెక్క

మా పెద్దనాయనకు వేరొకరి గుండె పెట్టి మూడేళ్లయింది. ఏడాదికోసారి మోమిన్‌పేట్ నుంచి హైదరాబాద్ తీసుకుపోయి యాంజియోగ్రామ్ చేయించాలి. ఈసారి రానన్నాడు. నొప్పి లేనప్పుడు ఎందుకంట. ఆయనకు చెప్పాలని చదవడం మొదలుపెట్టి, ఎల్లాప్రగడ సుబ్బారావుగారి దగ్గర తేలాను.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు (బ్యాక్‌లాగ్‌లున్న మనకిది ధైర్యమే). మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ప్రొఫెసర్‌కి కోపమొచ్చింది. చివరికి ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్ఎంఎస్‌తో సరిపెట్టారు. స్ప్రూ జబ్బు అన్నదమ్ములను మింగింది. భార్యను ఇక్కడే వదిలి అమెరికా వెళ్లారు, మళ్లీ రాలేదు. అక్కడ ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు.

సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి తెచ్చారు. నీలి రంగు ఎంత చిక్కగా వస్తే భాస్వరం అంత ఎక్కువ. ఆ కొలతతోనే కండరంలో 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ దొరికాయి. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా ఏటీపీని పట్టుకున్నాడు.

మా పెద్దనాయన కథ ఇక్కడే కలుస్తుంది. ఒంట్లోంచి తీసిన గుండెకు రక్తం అందదు, కానీ కణాలు ఏటీపీని ఖర్చు చేస్తూనే ఉంటాయి. అందుకే పొటాషియం ద్రావణంతో కొట్టుకోవడం ఆపేసి, 4 డిగ్రీల చలిలో పెడతారు. ఖర్చు తగ్గుతుంది గానీ ఆగదు. దాదాపు 4 గంటలు గడువు. ఆ చలి, మళ్లీ రక్తం పారినప్పటి దెబ్బ రక్తనాళాల లోపలి పొరకు తగులుతాయి. పైగా ఒంటి రోగనిరోధక శక్తి పరాయి గుండె మీద దాడి చేస్తూనే ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ కరోనరీ నాళాలు పొడుగునా సన్నబడతాయి. మార్పిడిలో నరాలు తెగిపోతాయి కాబట్టి చాలామందికి నొప్పే తెలియదు. యాంజియోగ్రామ్ అందుకే.

హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే కంపెనీకి వెళ్లారు. ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు హెట్రజాన్, ఆయన బృందం పనే. 1948 ఆగస్టులో 53 ఏళ్లకే పోయారు. మనిషి నుంచి మనిషికి మొదటి గుండె మార్పిడి 1967లో గానీ జరగలేదు.

ఇదంతా విని పెద్దనాయన ఒక్కటే అడిగిండు, ఆయన ఏం జబ్బుతో పోయిండని. గుండె ఆగి, అని చెప్పిన. కాసేపు ఊరుకున్నడు. తర్వాత పొద్దున బస్సు ఎన్నింటికని అడిగిండు.