అమ్ముకున్న గుర్రమే పందేల ప్రపంచాన్ని ఏలింది

మలక్‌పేట మైదానంలో పరుగెత్తే రేసు గుర్రాల్లో దేని వంశావళినైనా కొన్ని తరాలు వెనక్కు తిరగేస్తే, దాదాపు తప్పకుండా ఒక పేరు తగులుతుంది. ఆ పేరు నియార్కో. ఇంగ్లండు, అమెరికా, జపాన్ గుర్రాలకూ ఇదే మాట వర్తిస్తుంది. 1935లో ఇటలీలో పుట్టిన ఈ మగగుర్రాన్ని పుట్టించి, పెంచి, పరుగు నేర్పి, చివరికి అమ్ముకున్న మనిషి ఫెదెరికో తేసియో. పందేలు కాసేవారికి గుర్రం పేరు తెలుస్తుంది, జాకీ పేరు తెలుస్తుంది. పుట్టించిన వాని పేరు ఎవరికీ పట్టదు. ఆ లెక్క తప్పించిన కొద్దిమందిలో తేసియో మొదటివాడు. ఆయనను దోర్మెల్లో మాంత్రికుడని పిలిచేవారు.

తేసియో 1869 జనవరి 17న తూరిన్ నగరంలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. వసతి పాఠశాలలో పెరిగారు, అశ్వికదళంలో అధికారిగా పనిచేశారు, పందేలలో స్వయంగా స్వారీ చేశారు. దేశాలు తిరిగారు. దక్షిణ అమెరికాలోని పటగోనియా బయళ్లలో గుర్రం మీద ఒంటరిగా ప్రయాణించారు. 1898లో లిడియాను పెళ్లాడి, ఆ ఏడే ఉత్తర ఇటలీలోని మజ్జోరే సరస్సు ఒడ్డున దోర్మెల్లో అనేచోట గుర్రాల పెంపకశాల పెట్టారు. దంపతులిద్దరూ బతుకంతా ఆ గుర్రాల మధ్యే గడిపారు.

అప్పట్లో గుర్రాల పెంపకం మహా సంపన్నుల వ్యవహారం. ఆగాఖాన్, లార్డ్ డర్బీ, రోత్‌షీల్డులు వంటివారు ఈ రంగంలో ఉన్నారు. వారితో పోలిస్తే తేసియో దగ్గర ఆడగుర్రాలు చాలా తక్కువ. పెంపకశాల తన తిండి తానే సంపాదించుకోవాలి. పందెం గెలిచిన గుర్రాన్ని మంచి ధరకు అమ్మితేనే మరుసటి ఏటి ఖర్చు గడుస్తుంది. అందుకే ఆయన మగగుర్రాలను ఇంట ఉంచుకునేవారు కాదు. ఆడగుర్రాలను ఇంగ్లండుకో ఫ్రాన్సుకో దాటించడానికి పంపేవారు. ఇంట్లో మగగుర్రం ఉంటే, తగినా తగకపోయినా అన్నిటికీ దాన్నే వాడాలన్న బుద్ధి పుడుతుంది. పశువులను పెంచిన రైతుకు ఈ మాట విడమరచి చెప్పనక్కర లేదు.

ఆయన సిద్ధాంతాలన్నీ నిలిచేవి కావు. గుర్రాల రంగుల గురించి, తల్లిదండ్రుల నాడీశక్తి గురించి ఆయన రాసినవాటిలో చాలా భాగం నేటి జన్యుశాస్త్రం ముందు నిలవదు. కాని ఆయన కన్ను మాత్రం అరుదుగా పొరబడింది.

1915 డిసెంబరులో, మొదటి ప్రపంచ యుద్ధం సాగుతుండగా, ఇంగ్లండులోని న్యూమార్కెట్ వేలంలో గుర్రాల ధరలు పడిపోయి ఉన్నాయి. అక్కడ క్యాట్నిప్ అనే అయిదేళ్ల ఆడగుర్రాన్ని తేసియో 75 గిన్నీలకు కొన్నారు. అది గెలిచింది ఒకే ఒక్క చిన్న పందెం. అయితే దాని తండ్రి స్పియర్‌మింట్ 1906లో ఎప్సమ్ డర్బీ నెగ్గిన గుర్రం. తల్లి సిబోలా కూడా పెద్ద పందెం గెలిచినదే. క్యాట్నిప్ తన పద్దెనిమిదో ఏట, 1928లో నొగారా అనే ఆడపిల్లను ఈనింది. చిన్నపాటి గుర్రమైనా నొగారా ఇటలీలో మూడేళ్ల గుర్రాల పెద్ద పందేలు రెండు గెలిచింది.

నొగారాను లార్డ్ డర్బీ గారి ఫెయిర్‌వే అనే గుర్రంతో దాటించాలని తేసియో అనుకున్నారు. అవకాశం దొరకలేదు. ఫెయిర్‌వేకు సొంత అన్న ఫారోస్ ఫ్రాన్సులో ఉంది. సరే, అదే చాలనుకుని అక్కడికి పంపారు. 1935 జనవరి 24న నియార్కో పుట్టింది. రెండో ఎంపిక ఫలితమది.

నియార్కో 14 పందేలు పరుగెత్తి పద్నాలుగూ గెలిచింది. వెయ్యి మీటర్ల పందెంలోనూ గెలిచింది, మూడు వేల మీటర్ల పందెంలోనూ గెలిచింది. జాకీ పియెత్రో గుబెల్లీని. విచిత్రమేమంటే, ఇది నిజానికి దూరం పరుగెత్తే జాతి కాదనీ, తన తేజంతోనే దూరాన్ని జయిస్తోందనీ యజమాని అభిప్రాయం. 1938 జూన్ 26న పారిస్‌లోని లాంగ్‌షాంప్ మైదానంలో మూడు వేల మీటర్ల గ్రాండ్ ప్రి పందెం జరిగింది. ఆ ఏటి ఇంగ్లండు డర్బీ విజేత బ్వా రుసెల్ బరిలో ఉంది, ఫ్రాన్సు డర్బీ విజేత సిలాస్ ఉంది. రెండిటినీ నియార్కో ఓడించింది. దానికదే చివరి పందెం.

కొద్ది రోజుల్లోనే తేసియో దాన్ని 60 వేల పౌండ్లకు మార్టిన్ బెన్సన్ అనే లండన్ బుక్‌మేకరుకు అమ్మేశారు. ఆ రోజుల్లో కళ్లు తిరిగే ధర అది. 75 గిన్నీల గుర్రానికి మనవడు! అంతకు ముందు ఏడు దొనాతెల్లో అనే మరో మేటి గుర్రాన్ని కూడా 47 వేల పౌండ్లకు పైగా ధరకు అమ్మి ఇంగ్లండుకు పంపారు. అమ్మక తప్పని స్థితిలో అమ్మారా, లేక పోయినదానికన్నా మేలైనది మళ్లీ పుట్టించగలనన్న ధీమాతోనా? రెండూ ఉన్నాయని మా ఊహ.

రెండేళ్లు తిరక్కుండా ఇటలీ, బ్రిటన్ శత్రుదేశాలయ్యాయి. న్యూమార్కెట్‌లోని బీచ్ హౌస్ స్టడ్‌లో ఉన్న ఇటలీ గుర్రానికి బాంబుల నుంచి రక్షణగా ప్రత్యేకంగా ఆశ్రయం కట్టించారు. మనుషులకే దిక్కులేని కాలంలో గుర్రానికి ఇంత ఏర్పాటా అని కొందరికి అనిపించి ఉండవచ్చు. దాని సంతతిని చూస్తే అంత అనిపించదు. తేసియో తన జీవితంలో ఎన్నడూ గెలవలేకపోయిన ఎప్సమ్ డర్బీని నియార్కో కొడుకులు డాంటే 1945లో, నింబస్ 1949లో గెలిచాయి, ఇంగ్లండు వారి రంగుల్లో.

మరో కొడుకు నస్రుల్లా అమెరికా చేరింది. 1973లో అమెరికా మూడు మహా పందేలూ గెలిచిన సెక్రటేరియట్ దాని మనవడే. ఇంకో కొడుకు నియార్క్‌టిక్ తల్లి కడుపులో ఉండగానే ఆ తల్లిని కెనడాకు తరలించారు. నియార్క్‌టిక్‌కు పుట్టిన నార్తర్న్ డాన్సర్ 1964లో కెంటకీ డర్బీ గెలిచి, తర్వాత పందెపు గుర్రాల లోకాన్నే తన పిల్లలతో నింపింది. రాయల్ చార్జర్ అనే కొడుకు శాఖ సండే సైలెన్స్ ద్వారా జపాన్‌లో పాతుకుంది. నియార్కో 1957 జూన్ 27న ఇంగ్లండులోనే చనిపోయింది.

తేసియో పని ఆపలేదు. 1932 నుంచి మార్కీస్ మారియో ఇంచీసా ఆయనకు భాగస్వామి. ఇటలీ డర్బీని ఇరవైకి పైగా సార్లు తన గుర్రాలతో గెలిచారు. ఎనభై దాటాక తెనెరాని అనే తన గుర్రానికీ రొమానెల్లాకూ ఒక జత కుదిర్చారు. అప్పటికి తెనెరాని ఇంగ్లండు జాతీయ స్టడ్‌కు చేరిపోయింది. మళ్లీ దాటించడానికి రొమానెల్లాను అక్కడికి పంపినప్పుడు 1952 ఫిబ్రవరి 27న అది పిల్లను ఈనింది. పిల్ల చిన్నది. దోర్మెల్లోలో అందరూ దాన్ని బుల్లోడనే పిలిచారు. పెద్ద పందేలకు దాని పేరు కూడా నమోదు చేయించలేదు. కన్ను పొరబడిన అరుదైన సందర్భం ఇదే కావచ్చు.

ఆ పిల్ల పేరు రిబో. తేసియో 1954 మే 1న మరణించారు. జూలై 4న మిలాన్‌లో రిబో తొలి పందెం పరుగెత్తి గెలిచింది. తర్వాత మరి 15 గెలిచింది. పారిస్‌లోని ఆర్క్ ద త్రియోంఫ్ పందెం 1955లో, 1956లో వరుసగా దానిదే. ఒక్క ఓటమి లేదు. 1959లో అయిదేళ్ల కౌలుకు దాన్ని అమెరికాలోని కెంటకీకి పంపారు. గడువు తీరాక, దాని ఉగ్ర స్వభావం చూసి, సముద్రం దాటించడం ప్రమాదమని అక్కడే ఉంచేశారు. 1972లో చనిపోయేవరకు రిబో ఇటలీకి తిరిగి రాలేదు.