నరముల పలుకును విన్న శాస్త్రజ్ఞుడు – ఎడ్గార్ ఏడ్రియన్

పొలము గట్టుపై నడచువాని కాలికి ముల్లు గ్రుచ్చుకొనగనే ఆ వార్త మెదడునకు చేరును. ఆ వార్తను మోయునది నరమని వైద్యులు చిరకాలమునుండి యెరుగుదురు. 18వ శతాబ్దమున ఇటలీ దేశీయుడగు గాల్వానీ కప్పకాలిపై చేసిన పరిశోధనల నాటినుండి నరమునకును విద్యుత్తునకును సంబంధము కలదనియు తెలిసియుండెను. కాని నరములోని ఒక్కొక్క పోగు ఏమి పలుకుచున్నదో, మెల్లని స్పర్శకును గట్టి పోటునకును గల భేదమును మెదడున కెట్లు తెలుపుచున్నదో 1926 వరకు స్పష్టము కాలేదు. ఆ పలుకును పట్టి లోకమునకు తెలిపిన మహనీయుడు ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడు ఎడ్గార్ డగ్లస్ ఏడ్రియన్.

ఏడ్రియన్ 1889వ సంవత్సరము నవంబరు 30వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి ప్రభుత్వమున న్యాయ సలహాదారు. వెస్ట్‌మినిస్టరు పాఠశాలలో చదువు ముగించి, 1908లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన ట్రినిటీ కళాశాలలో చేరెను. అచ్చట కీత్ లూకాస్ అను ఉపాధ్యాయుని శిష్యరికము లభించెను. లూకాస్ శరీరశాస్త్రమునందే కాక యంత్ర నిర్మాణమునందును నేర్పరి. తన పరికరములను తానే రూపొందించుకొనెడివాడు. గురుశిష్యు లిరువురును కప్ప నరములపై పరిశోధనకు పూనుకొనిరి.

ఎండు వరిగడ్డిని చాలుగా పరచి ఒక కొన నిప్పంటించినచో మంట రెండవ కొనవరకు సాగును. అంటించినది అగ్గిపుల్లయైనను, కాగడాయైనను, సాగెడు మంట యొక్కటియే. నడుమ కొంత గడ్డి తడిసియున్నచో మంట అచ్చట సన్నగిల్లును; ఆ తడిని దాటెనా, మరల మునుపటి వలెనే మండును. నరములోని సంకేతమును ఇట్టిదే యని ఏడ్రియన్ 1912లో నిరూపించెను. నరమునందొక భాగమును మత్తు కలిగించు ఆవిరికి లోనుచేసినపుడు సంకేతము అచ్చట బలహీనమై, దాటిన పిమ్మట పూర్తి బలమును పొందెను. నరపు పోగున సంకేతము పుట్టినచో నిండుగా పుట్టును. లేదా పుట్టనే పుట్టదు.

ఇంతలో 1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. ఏడ్రియన్ లండనులో వైద్యవిద్యను పూర్తిచేసి, 1915లో పట్టభద్రుడై, నరములు దెబ్బతిన్న సైనికులకు చికిత్స చేయుచుండెను. లూకాస్ విమాన పరిశోధనలో నియుక్తుడై, 1916 అక్టోబరులో ఆకాశమున రెండు విమానములు ఢీకొనగా మరణించెను. యుద్ధానంతరము 1919లో ఏడ్రియన్ కేంబ్రిడ్జికి తిరిగివచ్చి, గురువు పనిచేసిన గదిని, పరికరములను స్వీకరించెను. గురువు విడిచిన పనిని ముగించు భారము శిష్యునిపై పడెను.

ఆ పని సులభమైనది కాదు. నరముపై ఎలక్ట్రోడు నుంచినపుడు దొరకు విద్యుత్తు వోల్టులో కొన్ని లక్షవ వంతులు మాత్రమే. అది నిలుచునది సెకనులో వెయ్యవ వంతు. పైగా పరికరములలోనే పుట్టు అలజడి దానిని కప్పివేయును. యుద్ధకాలమున రేడియో వాల్వులు మిక్కిలి అభివృద్ధి చెందెను. అమెరికా దేశీయుడగు గాసర్ వాటితో నరముల విద్యుత్తును పెద్దదిచేయు యంత్రమును నిర్మించెను. ఏడ్రియన్ ఆ మార్గమునే అనుసరించి, సంకేతమును వేయి రెట్లకు పైగా పెంచి, సన్నని గాజుగొట్టములోని పాదరసపు కదలికగా దానిని ఫోటో ఫిలిముపై నమోదు చేసెను.

1925లో ఒకనాడు కప్పకాలి నరముపై ఎలక్ట్రోడుల నుంచగా, ఏ ప్రేరణయు ఇయ్యకుండగనే గీత వణకుచుండెను. యంత్రమున లోపమేదో కలదని ఆయన తలచెను. వెదకిచూడగా విచిత్రమొకటి తెలిసెను. కండ మోకాలినుండి వ్రేలాడునపుడే ఆ వణకు కానవచ్చుచుండెను. గాజుపలకపై ఆనించినచో ఆగిపోవుచుండెను. అనగా అది యంత్రదోషము కాదు. తన బరువుచేత సాగుచున్న కండ, ఆ సంగతిని నరముద్వారా పైకి తెలుపుచున్నది! లోపమని త్రోసివేసియున్నచో చేజారిపోయెడి సత్యము, ఓర్పుతో పరీక్షించుటచే చేతికి చిక్కెను.

అయినను నరమనగా అనేకములైన పోగుల కట్ట. సంతలో పదిమంది ఒక్కసారి మాటలాడుచుండగా ఒకని మాట వినుట యెట్లు? 1926లో ఏడ్రియన్, స్వీడను దేశపు జోటర్మన్‌తో కలసి, కప్ప కండను కొంచెము కొంచెముగా కోయుచు, తుదకు ఒక్క సంవేదనాంగము మాత్రమే మిగులునట్లు చేసెను. అప్పుడు సంకేతములు ఒక్కొక్కటిగా స్పష్టముగా కానవచ్చెను. అన్నియు ఒకే పరిమాణము గలవి. బరువు పెంచినచో సంకేతము పెద్దది కాలేదు. తరచుదనము మాత్రమే హెచ్చెను. ఊరి గంట ఒకే మోతతో మ్రోగినను, అపాయము పెద్దదైనకొలది వడివడిగా మ్రోగునట్లు, నరమును సంకేతముల వేగముచేతనే తీవ్రతను తెలుపును. ప్రేరణ మారక నిలిచియున్నచో సంకేతములు క్రమముగా విరళమగును. భుజముమీది కండువా కొంతసేపటికి స్ఫురణకు రాకుండుటకు ఇదియు నొక కారణము.

1928లో అమెరికనుడగు బ్రాంక్‌తో కలసి, ఊపిరి తీయించు నరమును రెండుమూడు పోగులు మిగులువరకు చీల్చి, సంకేతములను లౌడ్ స్పీకరులో వినిపించెను. మరియొక సందర్భమున చీకటి గదిలో గోదురుకప్ప కంటినరముపై పరీక్ష సాగుచుండగా, లౌడ్ స్పీకరు మాటిమాటికి చిటపటలాడెను. తాను గదిలో కదలినపుడెల్ల ఆ కప్ప కన్ను తన్ను చూచుచున్నదని ఆయన గ్రహించెను.

ఈ కృషికి 1932లో షెరింగ్టన్‌తో పాటు నోబెల్ బహుమానము లభించెను. 1934లో, జర్మను వైద్యుడగు హాన్స్ బెర్గర్ కనుగొనిన మెదడు విద్యుత్తరంగములు నిజమేయని, మాథ్యూస్‌తో కలసి తన తలమీదనే ప్రదర్శించి నిరూపించెను. అంతవరకు బెర్గర్ మాటను నమ్మినవారు అరుదు. పిమ్మట కేంబ్రిడ్జిలో ఆచార్యుడుగాను, 1950 నుండి 1955 వరకు రాయల్ సొసైటీ అధ్యక్షుడుగాను, 1951 నుండి 1965 వరకు ట్రినిటీ కళాశాల అధిపతిగాను పనిచేసెను. 1955లో ప్రభువు బిరుదమును పొందెను. 1977 ఆగస్టు 4వ తేదీన పరమపదించెను.

నేడు వెండ్రుకకన్న సన్నని ఎలక్ట్రోడులతో ఒకేసారి వందలకొలది నాడీకణముల సంకేతములను సేకరించుచున్నారు. అలజడిలోనుండి వాటిని వేరుచేయు పనిని కంప్యూటర్లు చేయుచున్నవి. కండరముల రోగములను గుర్తించుటకు వైద్యులు వాడు సూది యెలక్ట్రోడు 1929లో ఏడ్రియన్, బ్రాంక్‌లు రూపొందించినదే. ఏది అలజడియో, ఏది పలుకో తెలియుటకు యంత్రముతో పాటు ఓర్పును, నిష్పక్షపాత బుద్ధియు వలయును. తన యంత్రమును ముందుగా శంకించి, ఆ శంకను చివరివరకు పరీక్షించిన ఏడ్రియన్ జీవితము విద్యార్థుల కెల్లరకు ఆదర్శప్రాయము.