గీత దాటిన విద్యార్థి

పరీక్షల ఫలితాలు వచ్చాక మన పశ్చిమ ప్రకాశం సంఘాల్లో ఏటా కనిపించే దృశ్యమే. మార్కాపురం, గిద్దలూరు, కంభం బస్టాండ్లలో పెట్టెలతో, పరుపు చుట్టలతో మన బిడ్డలు నిలబడి ఉంటారు. ఒంగోలు, గుంటూరు, విజయవాడ హాస్టళ్లకు బయలుదేరిన వారు. అంతకు ముందు ఆదివారమే పాస్టరుగారు వారిని ముందుకు పిలిచి ప్రార్థన చేసి ఉంటారు. తల్లి మనసులో మాత్రం ఒకటే దిగులు. అక్కడికి పోయాక మావాడు ప్రార్థన మానేస్తాడేమో, చదువు ఎక్కువై దేవుణ్ణి మరచిపోతాడేమో అని.

ఆ తల్లికి ఈ వారం ఒక విద్యార్థి సంగతి చెప్పాలనిపించింది. ఆయన పేరు మన సంఘాల్లో వినని వారు ఉండరు. ఒంగోలు క్లౌ దొరగారు. అయితే మనకు తెలిసింది ఆయన దొర అయిన తరువాతి కథ. కాలేజీ కుర్రవాడిగా ఆయన ఎలా ఉండేవారో తెలిసినవారు తక్కువ.

జాన్ ఎవరెట్ క్లౌ 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. ఆ కుటుంబం భూములు వెతుక్కుంటూ పడమటికి వలసపోయి, చివరికి అయోవా రాష్ట్రం చేరింది. క్లౌ పడుచు ప్రాయంలోనే మిన్నెసోటా ప్రాంతంలో ప్రభుత్వ సర్వే బృందంతో కలిసి భూములు కొలిచే పని చేశారు. ఆ తరువాత చదువుకోవాలన్న ఆశతో మిసిసిపీ నది ఒడ్డున ఉన్న బర్లింగ్టన్ పట్టణంలో, బాప్టిస్టులు నడిపే చిన్న కాలేజీలో చేరారు. లాయరు కావాలన్నది ఆయన కోరిక. భక్తి మీద ఆసక్తి లేదు.

ఆ హాస్టలు గది గురించి మిషన్ వారు తరతరాలుగా చెప్పుకొన్న సంగతి ఒకటి ఉంది. గదిలో ఆయనతో ఉన్న కుర్రవాడు విశ్వాసి. రోజూ మోకరించి ప్రార్థన చేసేవాడు. క్లౌకు అది నచ్చలేదు. సుద్దముక్క తీసుకొని గది మధ్యలో గీత గీశారట. ప్రార్థన ఆ పక్కనే, ఈ పక్కకు రాకూడదని షరతు పెట్టారట. స్నేహితుడు తగాదా పడలేదు, గది మారలేదు. తన పక్కనే ఉండి తన ప్రార్థన తాను చేసుకున్నాడు. కొంతకాలానికి క్లౌ తానే ఆ గీత దాటి వెళ్లి స్నేహితుని పక్కన మోకరించారు. 1858లో బాప్తిస్మం పొందారు.

గీత గీసింది ఆయనే, దాటిందీ ఆయనే. చెయ్యిపట్టి లాగినవారు లేరు. అటు పక్కన మాత్రం ఒకడు మానకుండా ప్రార్థన చేస్తూ ఉన్నాడు.

1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలైంది. కాలేజీలు చెదిరిపోయాయి. ఆ రోజుల్లో క్లౌ ఫాయెట్ అనే చిన్న ఊళ్లో ఉన్న అప్పర్ అయోవా యూనివర్సిటీకి మారి చదువు ముగించారు. పేరుకు యూనివర్సిటీ అయినా అది 1857లో మెథడిస్టులు ప్రారంభించిన చిన్న విద్యాసంస్థ. అమ్మాయిలు, అబ్బాయిలు కలిసి చదివేవారు. అక్కడి విద్యార్థులు ఒక దళంగా ఏర్పడి యుద్ధానికి వెళ్లారు. ఇటువంటి చిన్న కాలేజీలు ఒక ఉద్యోగానికి సరిపడే చదువుతో ఆగేవి కావు. భాషలు, గణితం, చరిత్ర, తర్కం, నీతిశాస్త్రం నేర్పి, నలుగురిలో నిలబడి మాట్లాడే ధైర్యం ఇచ్చేవి. ఈ రోజు లిబరల్ ఆర్ట్స్ అంటున్నది ఈ చదువునే.

లాయరు కావాలనుకున్న ఆ విద్యార్థి 1864 నవంబరులో భార్య హారియెట్‌తో, చిన్న బిడ్డతో బోస్టన్‌లో ఓడ ఎక్కారు. 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న అక్కడ ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది. అదే నెలలో యర్రగుంట్ల పేరయ్య పిలుపు మీద తాళ్లకొండపాడు వెళ్లి, 28 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వారు మాదిగలు.

అసలు పరీక్ష అప్పుడు వచ్చింది. ఒంగోలులో పై కులాల వారు దొరగారి మీద ఆదరంగా ఉన్నారు, బడికి పిల్లలను పంపుతున్నారు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని వారు చెప్పేశారు. ఆ రాత్రి భార్యాభర్తలు వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీయులకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయంలోని ఒకే భాగం కనబడిందని మన పెద్దలు చెప్పేవారు. దేవుడు లోకంలో ఎన్నికలేని వారిని ఏర్పరచుకొన్నాడని చెప్పే భాగం అది. క్లౌ దంపతులు బడి పిల్లలను పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డారు గాని మాదిగలను వెనక్కి పంపలేదు.

1876లో కరువు వచ్చింది. పడుచుతనంలో నేర్చిన భూమి కొలతల పని అప్పుడు అక్కరకు వచ్చింది. బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి పని కల్పించారు. అన్నం కోసం ఎవరూ మతం పుచ్చుకోకూడదని ఆ కాలంలో సుమారు 15 నెలలు బాప్తిస్మాలు ఆపేశారు. కరువు తగ్గాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నల్లమలలో పుట్టి, మన కంభం చెరువు నింపి, దిగువకు పారే గుండ్లకమ్మే అది.

ఇంతమందిని ఒక్కసారిగా చేర్చుకోవడం సరికాదని అన్నవారు అప్పుడే ఉన్నారు. ఆ మాటను తోసిపుచ్చలేం. చదువు లేని విశ్వాసులు నిలబడాలంటే వాక్యం చదవగలగాలి. రామపట్నంలో 1872లోనే వేదాంత పాఠశాల మొదలైంది. పల్లెల్లో సంఘంతో పాటు బడి లేచింది. ఒంగోలు పొలం పెద్దదైపోయి 1882లో కంభం, 1894లో పొదిలి, 1895లో మార్కాపురం వేరు మిషన్ కేంద్రాలయ్యాయి. అక్షరం దక్కని ఇళ్లలో మొదటిసారి పలక కనబడింది. నేడు ఆ ఇళ్ల నుంచే టీచర్లు, నర్సులు, ఇంజినీర్లు వచ్చారు.

హారియెట్ మరణం తరువాత క్లౌ పెళ్లాడిన ఎమ్మా రౌషెన్‌బుష్ బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందిన విదుషి. మాదిగ గురువుల, భక్తుల సంగతులు వారి నోటనే విని పుస్తకంగా రాశారు. క్లౌ జీవితం మనకు ఇంత వివరంగా తెలియడానికీ ఆమే కారణం. 1910 నవంబరు 24న ఆయన అమెరికాలోని రోచెస్టర్‌లో ప్రభువునందు నిద్రించారు.

ప్రియ సంఘమా, పలకల ఊరు మనది. మన బిడ్డ సెలవులకు ఇంటికి వస్తే మనం అడిగేది ఏమిటి? మార్కులు ఎన్ని, ఉద్యోగం ఎప్పుడు అని. ఏం చదువుతున్నావు, ఏం ఆలోచిస్తున్నావు, నీకు ఏ సందేహం వచ్చింది అని అడిగేవారు ఎందరు? సందేహం అడిగిన బిడ్డను గద్దిస్తే, ఆ గీత మనమే గీసినట్టు. గద్దింపుతో గీత దాటిన వారు లేరు.

మన సంఘంలో ఎవరి బిడ్డ ఏ ఊరి హాస్టల్లో ఉన్నాడో ఒక పుస్తకంలో రాసుకుందాం. నెలకొకసారి సంఘపెద్ద ఒకరు ఫోను చేసి కుశలం అడగాలి. ఫీజు కట్టలేని ఇల్లు ఉంటే కానుకల్లో ఒక భాగం అటు పోవాలి. మిగిలినది ప్రభువు చూసుకుంటాడు. అమ్మా, నీ బిడ్డ గది మధ్యలో గీత గీసినా భయపడకు. ఇవతల పక్కన నీ ప్రార్థన మాత్రం ఆపకు.