చాపకూడు కథకు ముందే వెళ్ళిపోయిన దర్శకుడు

గూడవల్లి రామబ్రహ్మం గారి పేరు నేను మొదట విన్నది మన బడిలోనే. తెలుగు మాస్టారు పల్నాటి చరిత్ర చెబుతూ బ్రహ్మనాయుడి చాపకూడు దగ్గర ఆగారు. అన్ని కులాల వాళ్ళూ ఒకే పంక్తిలో కూర్చుని తిన్న ఆ కథను సినిమాగా తీస్తూ మధ్యలోనే కన్నుమూసిన దర్శకుడని ఆయన గురించి చెప్పారు.

రామబ్రహ్మం గారు 1902లో కృష్ణా జిల్లా నందమూరులో పుట్టారు. సినిమాల్లోకి రాకముందు ‘ప్రజామిత్ర’ పత్రిక నడిపారు. పత్రికలో రాసిన సంగతులు చదువురాని వాళ్ళకూ చేరాలంటే సినిమాయే దారి అని ఆయన పని చూస్తే అర్థమవుతుంది. చల్లపల్లి రాజా వారి అండతో సారథి సంస్థ తరఫున 1938లో ‘మాలపిల్ల’ తీశారు. తెలుగు తెర మీద పురాణాలు రాజ్యమేలుతున్న రోజులవి. కథ చలం గారిది. అర్చకుడి కొడుకు దళిత యువతిని ప్రేమించడం, గుడి తలుపులు అందరికీ తెరవాలనడం అందులోని విషయం. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది ఆ మరుసటి ఏడాదే.

ఆ సినిమాలో మన ఊరి పాలు తక్కువేం కాదు. నాయిక కాంచనమాల తెనాలి ఆమె. పూజారి పాత్ర వేసిన గోవిందరాజుల సుబ్బారావు గారు తెనాలిలో వైద్యం చేసిన డాక్టరు.

1939లో ‘రైతుబిడ్డ’ వచ్చింది. జమీందారుకు ఎదురు నిలిచిన చిన్న రైతుగా బళ్ళారి రాఘవ గారు నటించారు. రచనలో సూతాశ్రమం వారి త్రిపురనేని గోపీచంద్, పాటల్లో బాపట్ల దగ్గర అప్పికట్ల వాసి కొసరాజు గారు పాలు పంచుకున్నారు. జమీందార్లకు కోపం వచ్చింది, కొన్నిచోట్ల సినిమాను నిషేధించారు. ఇంకో జమీందారు పెట్టుబడితోనే ఇలాంటి సినిమా తీయడం ఆయనకే చెల్లింది.

తర్వాత ‘ఇల్లాలు’, ‘అపవాదు’, ‘పత్ని’, ‘పంతులమ్మ’, ‘మాయాలోకం’ తీశారు. ‘పల్నాటి యుద్ధం’ మొదలుపెట్టి, అది పూర్తి కాకుండానే 1946లో పోయారు. అప్పటికి ఆయన వయసు 44. మిగిలింది ఎల్.వి. ప్రసాద్ గారు పూర్తి చేయగా 1947లో విడుదలైంది.

నేను ఇంజనీరుని. కట్టిన వంతెన నిలిచిందా లేదా అన్నది బరువు పడ్డాకే తెలుస్తుంది. ‘మాలపిల్ల’ వచ్చిన 53 ఏళ్ళకు, 1991లో, మన పక్కనే చుండూరు జరిగింది. ఆ సినిమా చూసి చప్పట్లు కొట్టిన వాళ్ళ మనవల తరంలో జరిగింది.

అంత దూరం ఎందుకు? మాస్టారు ఆ పాఠం చెప్పిన రోజు నా పక్కన కూర్చున్న మిత్రుడికి మా ఇంట్లో మజ్జిగ ఇచ్చే గ్లాసు వేరు. అది చూరు కింద ఉండేది. తాగాక తనే కడిగి అక్కడ పెట్టేవాడు. నేను చూసేవాణ్ణి, ఒక్కనాడూ మా నాన్నను అడగలేదు.

అతను ఈ స్వర్ణోత్సవానికి వస్తానన్నాడు. భోజనాల వేళ అతని పక్కన కూర్చుని ఆ గ్లాసు మాట ఎత్తాలనుకుంటున్నాను. నలభై ఏళ్ళు ఆలస్యమైందని తెలుసు.