అలెగ్జాండర్ గ్రాహంబెల్

టెలిఫోనును కనుగొన్న మహనీయుడుగా అలెగ్జాండర్ గ్రాహంబెల్‌ను లోకము స్మరించుచున్నది. కాని ఆయన కృషియంతయు వినలేనివారి యెడల గల ప్రేమనుండి పుట్టినదని ఎరిగినవారు కొందరే.

బెల్ 1847వ సంవత్సరము మార్చి 3వ తేదీన స్కాట్లండు దేశమందలి ఎడింబరో నగరమున జన్మించెను. తాతయు తండ్రియు ఉచ్చారణ విద్యలో దిట్టలు. తల్లి ఎలైజా పియానో వాయించుటలో నేర్పరి. బెల్ పండ్రెండేండ్ల ప్రాయమున నున్నప్పుడు ఆమెకు వినికిడి సన్నగిల్లసాగెను. ఇతరులు ఆమె చెవికి గొట్టమానించి బిగ్గరగా మాటలాడుచుండిరి. బాలుడు మాత్రము ఆమె నుదుటి చెంత నోరుంచి, మెల్లగా, స్పష్టముగా పలికెడివాడు. స్వరమువలన కలుగు కంపనముచే ఆమె ఆ మాటలను గ్రహించెడిది. నలుగురు కూడిన గదిలో జరుగు సంభాషణను చేతివ్రేళ్ళ గుర్తులతో నిశ్శబ్దముగా తల్లికి తెలుపుచుండెడివాడు.

సోదరులిరువురును క్షయవ్యాధిచే మరణింపగా, ఆ కుటుంబము 1870లో కెనడాకు తరలిపోయెను. మరుసటి యేట బెల్ అమెరికాలోని బోస్టను నగరము చేరి బధిరులకు మాట నేర్పు ఉపాధ్యాయుడయ్యెను. పగలు బోధన, రాత్రి ప్రయోగములు. ఒకే తీగపై పెక్కు తంతివార్తలు పంపు సాధనమును నిర్మింపుమని ధనసహాయము చేసినవారు పట్టుపట్టిరి. బెల్ మనస్సు మాత్రము మనుష్యుని కంఠస్వరముపైననే నిలిచియుండెను. 1876 మార్చి 7న ఆయనకు పేటెంటు లభించెను. మూడు దినముల పిమ్మట, తన్ను రమ్మని పిలిచిన బెల్ పిలుపును సహాయకుడు వాట్సన్ వేరొక గదిలో తీగ ద్వారా వినెను. మరుసటి యేట బెల్, చిన్ననాటనే వినికిడి కోల్పోయిన తన శిష్యురాలు మేబెల్ హబ్బర్డును వివాహమాడెను.

కీర్తియు ధనమును వచ్చినను ఆయన విశ్రమింపలేదు. తీగ లేకుండ మాటను పంపుటెట్లని యోచించెను. సెలీనియమను పదార్థముపై వెలుతురు పడినపుడు దానిలో విద్యుత్తు సులభముగా ప్రవహించును. ఈ గుణము నాధారముగా చేసికొని, 1880లో చార్లెస్ సమ్నర్ టెయింటర్‌తో కలిసి ఫోటోఫోను అను యంత్రమును నిర్మించెను. మాటలాడువాని స్వరమునకు పలుచని అద్దమొకటి కంపించును. దానినుండి మరలిన సూర్యకాంతి ఆ కంపనముల ననుసరించి హెచ్చుచు తగ్గుచు దూరముననున్న సెలీనియముపై పడును. దానికి కలిపిన టెలిఫోనును చెవికానించుకొన్నవారికి ఆ వెలుగే మాటయై వినబడును.

ఆ యేటనే వాషింగ్టను నగరమున ఒక పాఠశాల పైకప్పుమీద నిలిచి టెయింటర్ మాటలాడెను. మాట వినబడినచో కిటికీ కడకు వచ్చి టోపీ ఊపుమని కోరెను. 213 మీటర్ల దూరమున ప్రయోగశాలలోనున్న బెల్ కిటికీలో నిలిచి టోపీ ఊపెను! ఆ దినములలో జన్మించిన రెండవ కుమార్తెకు ఫోటోఫోను అని పేరిడవలెనని ఆయన ముచ్చటపడగా భార్య అంగీకరింపలేదు. టెలిఫోనుకంటె ఇదియే గొప్పదని ఆయన తుదివరకు నమ్మెను. కాని మబ్బు పట్టినను, మంచు కురిసినను అది పనిచేయదు. లోకము దానిని మరచెను.

సుమారు నూరేండ్లకు ఆ తలంపు ఇండ్లలో ప్రవేశించెను. స్పీకరు పెట్టెకు తగిలించిన చిన్న పరికరము కంటికి కానరాని పరారుణ కాంతిని వెదజల్లును. తలకు పెట్టుకొన్న హెడ్‌ఫోను దానిని గ్రహించి ధ్వనిగా మార్చును. ఆ కాంతి గోడను దాటలేదు. అందుచే పిమ్మట రేడియో తరంగములతో పనిచేయు బ్లూటూత్ హెడ్‌ఫోనులు వ్యాప్తిలోనికి వచ్చినవి. బెల్లంపల్లి వంటి బొగ్గుగనుల ఊరిలో రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన తండ్రి పగలు నిద్రించుచుండగా, కుమారుడు పాటనో పాఠమునో తానొక్కడే వినుటకు ఇట్టి సాధనము అక్కరకు వచ్చును. వినికిడి తగ్గిన అవ్వ తనకు చాలినంత ధ్వనిని హెచ్చించుకొన్నను, ఇంటివారి నిద్ర చెడదు.

బెల్ జీవితమున లోపము లేకపోలేదు. బధిరులందరును నోటితోనే మాటలాడవలెనని పట్టుపట్టి, వారి సంజ్ఞాభాషను పాఠశాలలలో వ్యతిరేకించెను. తల్లితో తానే వ్రేళ్ళ గుర్తులతో సంభాషించినవాడు ఇట్లు తలచుట విచారకరము. అందుచే పెక్కుమంది బధిరులు ఆయనను నేటికిని విమర్శింతురు. అయినను తన సంపాదనలో పెద్ద భాగమును వారి విద్యకే వెచ్చించెను. బాలిక హెలెన్ కెల్లరుకు తగిన గురువు లభించుటకు దారి చూపినవాడును ఆయనయే.

1922 ఆగస్టు 2న బెల్ కన్నుమూసెను. అంత్యక్రియల వేళ ఉత్తర అమెరికాలోని టెలిఫోనులన్నియు ఒక నిమిషము మూగవోయినవి. ఎదుటివాని చెవికి హితముగా, ఇరుగుపొరుగువారికి బాధ లేకుండ పలుకుట ఎట్లో, తల్లి నుదుటి చెంత ఆ బాలుడు ఏనాడో నేర్చెను. యంత్రములు పిమ్మట వచ్చినవి.